శ్రీ గన్నేరు విజయము: డివైడరు కాండ

కావ్యానికి ముందు ఇష్టదేవతా స్తుతి ఉండాలి. ఆనందపురం జంక్షనులో ఇష్టదేవత నీళ్ల ట్యాంకరు. ఆకుపచ్చ రంగు వేసిన పొట్ట, వెనక తొండంలా వేలాడే గొట్టం, ఆ గొట్టం పట్టుకుని ఊగే కుర్రాడు. లంబోదరుడికి తమ్ముడు, పేరు జలోదరుడు. తక్కిన దేవుళ్లు వాహనాలెక్కి తిరుగుతారు, ఈయన తానే వాహనం. ఎండాకాలంలో డీజిలున్న రోజున కరుణిస్తాడు. ఆయనకు దండం.

తరవాత కుకవి నింద. మనవాళ్లు తామర కనపడితే కళ్లన్నారు, మామిడి చిగురు కనపడితే పెదవులన్నారు, సంపెంగ కనపడితే ముక్కన్నారు. చెట్టు చెట్టులా ఉంటే చాలదన్నట్టు ప్రతిదాన్నీ తెచ్చి ఆడవాళ్ల మొహానికి అతికించారు. గన్నేరాకు మొహంలో ఏ భాగానికీ సరిగ్గా అమరలేదు. అందుకని శివపూజ పళ్లెంలో ఓ మూల చోటిచ్చి చేతులు దులుపుకున్నారు. ఆ అన్యాయాన్ని ఇవాళ నేను సరిదిద్దబోతున్నాను. ఎందుకు నేనే అంటే, తగరపువలస బస్సు తప్పిపోయింది, తరవాతది ఎప్పుడొస్తుందో తెలీదు, నా ఎదురుగా డివైడరు మీద గన్నేరు తప్ప చూడటానికి ఇంకేమీ లేదు.

ఇక షష్ఠ్యంతాలు. లారీధూమ ధూపితాంగమునకు, మేకామోదరహితమునకు, మధ్యాహ్న మౌనవ్రత దీక్షితమునకు, ట్యాంకరుజలైక పారణమునకు, పదహారో నంబరు జాతీయ రహదారి మధ్య సిమెంటు సింహాసనమున కొలువుండు గన్నేరునకు ఈ కృతి అంకితం. తెలుగు మాటకూ ఇంగ్లిషు మాటకూ సంస్కృతం తోక కట్టడం వైరి సమాసమని వ్యాకరణం తెలిసినవాళ్లు కోప్పడతారు. వాళ్లొకసారి వచ్చి ఆ డివైడరును చూడాలి. దాని మీద ఉన్నవన్నీ వైరి సమాసాలే.

పురవర్ణన. ఒక దారి చెన్నైకి, ఒక దారి కోల్‌కతాకి, ఒకటి పెందుర్తి మీదుగా అనకాపల్లికి, ఒకటి భీమిలికి. ఇన్ని దారులు కలిసేచోట ఊరు ఉందా, ఊరున్నచోట దారులు కలిశాయా అన్నది పండితులు తేల్చుకోవలసిన విషయం. ఇక్కడి అసలు వైభవం పూలది. తెల్లారకముందే పూల మార్కెట్టు లేస్తుంది. బంతి కొండలు, చామంతి గుట్టలు, తడిగుడ్డ కప్పుకుని నిద్రలేవని మల్లెమొగ్గలు, ఎంత పోసినా బరువు తూగని కనకాంబరాలు. కాటాల చప్పుడు, బేరాల చప్పుడు, ఆటోల చప్పుడు. ఎనిమిదయ్యేసరికి ఆ సామ్రాజ్యం కూలిపోతుంది. మిగిలినవి మూర లెక్కన రోడ్డు పక్కకొస్తాయి. సాయంత్రానికి అవీ వాడిపోతాయి. పూల ఊరు రోజూ పుట్టి రోజూ పోతుంది. దానికి పట్టుమని పాతిక గజాల దూరంలో, ఎవరూ కొనని, ఎవరూ తూచని మన నాయకుడు మాత్రం నిన్నటిలాగే, మొన్నటిలాగే, పచ్చగా నిలబడి ఉంటాడు.

వంశవర్ణన తక్కువేమీ కాదు. అమరకోశం దీనికి ప్రతిహాసం, హయమారకం, కరవీరం అని పేర్లిచ్చింది. కొల్హాపురాన్ని కరవీరపురమని పిలిచిన రోజులున్నాయి. మధ్యధరా సముద్రం ఒడ్డు నుంచి మన దాకా, ఎండిపోయిన వాగుల ఇసుకల్లో, తల ఎండలోనూ కాళ్లు ఎక్కడో అడుగున మిగిలిన చెమ్మలోనూ పెట్టుకుని బతికిన వంశం. హయమారకమంటే గుర్రాల్ని చంపేది. ఆకు, పువ్వు, కొమ్మ, వేరు, అన్నీ గుండెను పట్టే విషం. ఒకప్పుడు పశువుల కాపర్లు గుర్రాన్ని దీని దగ్గరికి పోనిచ్చేవారు కాదు. ఇవాళ హార్స్‌పవర్ లెక్కన ఒక్కో లారీలో వందల గుర్రాలు దీన్ని ఒరుసుకుంటూ పోతున్నాయి. ఒక్కటీ మూతి పెట్టదు.

నాయకుడి తాత ముత్తాతల సంగతి సరే, స్వయంగా ఈయన ఎక్కడివాడు? కడియం నర్సరీలో నల్ల ప్లాస్టిక్ సంచిలో పెరిగాడని ట్యాంకరు కుర్రాడి మాట. తండ్రి ఎవరని అడిగితే తల్లి కొమ్మే తండ్రి కొమ్మ. కొమ్మ విరిచి గుచ్చితే వేరు పట్టే వంశంలో పుత్రోదయ వర్ణనకు అంతకంటే చోటు లేదు.

నేను ఆ మొక్కకేసి తదేకంగా చూస్తుంటే, చెట్టు నీడలో బుట్ట పెట్టుకున్న పూలమ్మికి అనుమానమొచ్చింది.

"ఏటి బాబూ, బస్సు అటు నుంచి ఒస్తే ఇటు సూత్తన్నారు?"

"గన్నేరును చూస్తున్నానమ్మా. ఇంత ఎండలో ఎలా పచ్చగా ఉందా అని."

"దానికేటి బాబూ. మేకే ముట్టదు, ఎండకేటి లెక్క!"

ఇది శాస్త్రం కాదు. కానీ నేను రాయబోయే కావ్యమంతా ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేసింది. మానేద్దామనుకున్నాను. బస్సు ఇంకా రాలేదు గనక కొనసాగిస్తున్నాను.

యుద్ధకాండ. కాలం మే నెల, వేళ మిట్టమధ్యాహ్నం. ఒక వైపు సూర్యుడు, ఆయనకు తోడు కింద నుంచి కాలే తారు. చతురంగ బలాలు చెరో పక్కా నడుస్తున్నాయి. ఉక్కు చుట్టలు మోసే ట్రెయిలర్లు గజబలం, లారీలు రథబలం, బైకులు అశ్వబలం, రోడ్డు దాటాలా వద్దా అని తటపటాయించే మాలాంటివాళ్లం కాల్బలం. వాటి శ్వాసంతా మన నాయకుడి మీదే. చుట్టూ నీడనేది లేదు. కాళ్ల కింద సిమెంటు అంచుల మధ్య జానెడు వెడల్పు మట్టి. ఇంతమంది మీదికొస్తే ఏ వీరుడైనా విల్లు ఎక్కుపెడతాడు. మనవాడు కిటికీలు మూసుకున్నాడు.

ఆ కోట కట్టడం చూడాలి. ఇంటర్మీడియట్ వృక్షశాస్త్రం చదివినవాళ్లు ఎడారి మొక్కల పాఠంలో దీని ఆకు అడ్డకోత బొమ్మ గీసే ఉంటారు, రెండు మార్కుల కోసం. ఆకు పైకప్పు మీద మందపాటి మైనపు పూత. దాని కింద మామూలు ఆకులకు ఉండే ఒంటి వరస గోడ కాదు, వరస మీద వరస బాహ్యచర్మం. పైకప్పుకు ఒక్క కిటికీ లేదు. గాలి పీల్చే పత్రరంధ్రాలన్నీ ఆకు అడుగుభాగాన, అదీ బాహాటంగా కాదు, గుంతలు తవ్వి ఆ గుంతల్లో. గుంత నిండా సన్నటి నూగు. వెనకటి రోజుల్లో కాస్త కలిగిన ఇళ్లలో ఎండాకాలం గుమ్మానికి వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవారు. ఆ నూగు చేసే పని అదే. లోపలి నుంచి వచ్చిన తేమను గుంతలోనే పట్టి ఉంచుతుంది, బయటి వడగాలిని గుమ్మం దాటనివ్వదు. మా అమ్మమ్మగారింట్లో వట్టివేళ్ల తడిక ఉండేది. దాని మీద నీళ్లు చల్లే పని నాకప్పగించేవారు, నేను నిద్రపోయేవాణ్ణి. గన్నేరు నిద్రపోదు.

అయితే ఈ కోటలో ఒక చిక్కుంది, కవులు దాన్ని దాచిపెడతారు. తలుపు మూస్తే దొంగ రాడు, బియ్యమూ రావు. ఆ రంధ్రంలోంచే నీరు బయటికి పోతుంది, ఆ రంధ్రంలోంచే తిండికి కావలసిన బొగ్గుపులుసు వాయువు లోపలికొస్తుంది. దాహానికి భయపడి మూసుకుంటే ఆకలి. ఆకలికి ఓర్వలేక తెరిస్తే దాహం. నాయకుడి ధీరోదాత్తత్వమంతా ఈ బేరంలోనే ఉంది: పొద్దున్న చల్లటివేళ తెరిచి గబగబా సరుకు తెచ్చుకోవడం, ఎండెక్కేసరికి మూసి మౌనం పట్టడం. కత్తీ లేదు, బాణమూ లేదు. పొదుపు ఉంది.

పొదుపంటే గుర్తొచ్చింది. సింహాచలం కొండల వైపు వెళ్తే టేకు కనపడుతుంది. వానలు పడగానే విస్తరాకు కంటే పెద్ద ఆకులు వేస్తుంది, పల్చగా, చవగ్గా, జమీందారు పెళ్లికి పందిరేసినట్టు. నీళ్లున్నన్నాళ్లూ ధారాళంగా ఖర్చుపెడుతుంది. వేసవి మొహం చూడగానే ఐపీ పెట్టేస్తుంది. ఆకులన్నీ రాల్చి అప్పులవాళ్లకు ఒట్టి కొమ్మలు చూపిస్తుంది. అదీ ఒక బతుకే, తప్పు పట్టను. గన్నేరుది కిరాణా కొట్టు లెక్క. ఒక్కో ఆకును చర్మపు చెప్పులా దళసరిగా, ఖరీదుగా కుడుతుంది. అంత పెట్టుబడి పెట్టాక ఏడాదికోసారి పారేయడానికి మనసొప్పదు, అరిగేదాకా వాడుతుంది. నిత్యహరితమంటే ఆకు రాలదనుకునేవాళ్లున్నారు. రాలుతుంది. డివైడరు కింద చూడండి, పసుపు పచ్చటి ఆకులు పడే ఉంటాయి. అందరూ ఒకే రోజున రాజీనామా ఇవ్వరు, అంతే తేడా. ఒకరు దిగిపోయేలోగా ఇద్దరు ఉద్యోగంలో చేరి ఉంటారు. ఆఫీసు ఎప్పుడూ నిండుగా కనిపిస్తుంది.

వీరుడికి బంధుబలం ఉండాలి. వాళ్లను కలవడానికి బయల్దేరితే కావ్యంలో దాన్ని ప్రస్థాన వర్ణన అంటారు. నాయకుడు కదల్లేడు గనక ప్రస్థానం నేనే చేసొస్తాను.

భీమిలి వైపు తీరం వెంట సరుగుడు బంధువులు. ఉప్పుగాలికి, ఇసుకకు, ఆకలికి అలవాటుపడ్డవాళ్లు. సూదుల్లా కనిపించేవి ఆకులని మోసపోకండి, అవి సన్నటి రెమ్మలు. అసలు ఆకులు ఆ రెమ్మల కణుపుల దగ్గర పళ్లంత చిన్నగా ముడుచుకుని ఉంటాయి. ఆకును పేరుకే మిగుల్చుకుని పచ్చగా ఉండటం పొదుపులో పై మెట్టు.

విశాఖ నుంచి ఆనందపురం వచ్చే దారిలోనే కంబాలకొండ. డెబ్బై చదరపు కిలోమీటర్ల పైచిలుకు అభయారణ్యం. బస్సులో కూచున్నవాళ్లకు అది తుప్పల కొండలా కనిపిస్తుంది. కానీ తమిళనాడులో రామనాథపురం దగ్గర మొదలై తీరం వెంట తెగుతూ అతుకుతూ వచ్చే పొడి సతతహరిత అడవికి ఉత్తరపు కొస మన విశాఖ దగ్గరే. పొడి, సతతహరితం, ఈ రెండు మాటలు ఒకదానిపక్కన ఒకటి ఇమడవు, ఇదీ వైరి సమాసమే. ఏడాదిలో ఎక్కువ నెలలు వాన లేకపోయినా ఆకు వదలని అడవి అది. ఈ అడవికి గుర్తుగా శ్రీహరికోట నుంచి ఇటు దాకా చెప్పుకునే పేర్లు పాల, అల్లి, నేరేడు. వీటి ఆకులు చిన్నవి, బిరుసువి, అట్టముక్కల్లాంటివి. ఎత్తుకు పోరు, గొప్పకు పోరు. గన్నేరుకు వీళ్లు పినతండ్రి వరస.

అరకు ఎక్కితే వేషం మారుతుంది. అక్కడ కాఫీ మొక్క ఏడాది పొడుగునా నిగనిగలాడుతుంది గానీ దానికి ఎండ పడదు, సిల్వర్ ఓక్ గొడుగు పట్టాలి. సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన అల్లుడు. ఆకు అడుగున వెండి నూగు, దాని నీడలో కాఫీ. పచ్చదనంలో కూడా రాజు వేరు, ఛత్రం పట్టేవాడు వేరు.

ఇంకా పైకి వెళ్లాలంటే పెద్దన ప్రవరుణ్ణి పంపిన దారిలో హిమాలయానికి పోవాలి. పాపం, మంచుకు పాదలేపం కరిగి అక్కడే ఇరుక్కున్నాడు. వరూధిని గొడవలో పడి చుట్టూ ఉన్న దేవదారుల్ని నింపాదిగా చూసే తీరిక ఆయనకు లేకపోయింది. చూసి ఉంటే ఒక వింత కనిపించేది. దేవదారు సూదాకు మీద మైనపు పూత. పత్రరంధ్రాలు పైకి తేలి లేవు, లోపలికి దిగి ఉన్నాయి. అంటే ఆనందపురం డివైడరు మీద మే నెలకు కట్టిన కోటే హిమాలయంలో జనవరికీ కట్టారు. ఇదేమి చోద్యమని నేనూ చాలాకాలం అనుకున్నాను. నేల గడ్డకడితే చుట్టూ కనుచూపుమేర నీరున్నా వేరు తాగలేదు. ఆకు మీద ఎండా గాలీ మాత్రం ఆడుతూనే ఉంటాయి. మంచూ ఎండా వేషాలు వేరు, లోపలున్న రాక్షసుడు ఒక్కడే. వాడి పేరు దాహం. సైబీరియా దాకా పరుచుకున్న స్ప్రూస్ అడవులూ ఆ రాక్షసుడితోనే పోరాడుతున్నాయి. అక్కడ ఎండాకాలం మరీ పొట్టిది. కొత్త ఆకులు వేసుకుంటూ కూచుంటే సీజను అయిపోతుంది. నిరుటి ఆకు చేతిలో ఉన్నవాడే మొదటి వెచ్చటి రోజున దుకాణం తెరవగలడు.

దీనికి సరిగ్గా ఎదురు సమస్య వానలు ఎడతెగని భూమధ్యరేఖ అడవులది. అక్కడ ఆకు మీద నీరు నిలిస్తే నాచు పడుతుంది. అందుకని చాలా ఆకులకు కొనలో సన్నటి తోక, నీరు జారిపోవడానికి. ఆ తోక ఎలా ఉంటుందో చూడాలంటే అంతదూరం వద్దు, రావి ఆకు చాలు.

తిరిగి డివైడరు దగ్గరికి. వీరుడికి శృంగార వర్ణన కావాలి కదా. వసుచరిత్రలో తుమ్మెద తన వంక చూడలేదని సంపెంగ తపస్సు చేసి నాయిక ముక్కుగా పుట్టింది. ఇక్కడ కథ తిరగబడింది. గన్నేరు పువ్వులో తేనె లేదు. గులాబీ రంగు చూసి ఈగలూ తేనెటీగలూ ఆశపడి వస్తాయి, తలదూర్చి వెతుకుతాయి, ఒట్టి చేతులతో పోతాయి, పోతూ పోతూ పుప్పొడి మోసిపెడతాయి. జీతం లేని కూలీ. నా నాయకుడి మీద ఇంతకంటే పెద్ద మచ్చ లేదు, దాచలేను. చంద్రోదయ వర్ణన కూడా చేయవలసిందే గానీ హైమాస్ట్ దీపం ముందు చంద్రుడు కనపడడు. జలక్రీడ సంగతి ట్యాంకరు చూసుకుంటుంది.

ఇంత కోటకూ లోపలి శత్రువు ఒకడున్నాడు. మేకలు ముట్టనిదాన్ని, గుర్రాలు చచ్చేదాన్ని హాయిగా నమిలే పచ్చటి పురుగు. వేలంత లావు, తల వెనక నీలం రంగు దొంగకళ్లు, తోక చివర చిన్న కొమ్ము. పెద్దయ్యాక ఆకుపచ్చ, గులాబీ మచ్చల రెక్కల రాత్రి సీతాకోక అవుతుంది. లోకాన్ని చంపే విషం దానికి పథ్యం. రావణుడు బ్రహ్మను వరమడుగుతూ నరుల్ని లెక్కలోకి తీసుకోనట్టు, గన్నేరు లెక్కలో ఈ పురుగు ఒక్కటి తప్పిపోయింది.

తుఫాను యుద్ధం మాత్రం హాస్యానికి లొంగదు. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ గంటకు 170, 180 కిలోమీటర్ల గాలితో విశాఖ మీద తీరం దాటింది. నీడనిచ్చిన పెద్ద పెద్ద చెట్లు వేళ్లతో సహా పడుకున్నాయి. మర్నాడు కొండలు చూస్తే పచ్చదనమన్నది లేదు, ఎవరో నిప్పు పెట్టి ఆర్పినట్టు గోధుమరంగు. నిత్యహరితాలన్న బిరుదు ఒక్క పూటలో ఊడిపోయింది. ఆ రోజుల్లో మా వీధిలో ఎవరి పెరటి గన్నేరో నేలకొరిగి, బురద పూసుకుని, రెండు వారాల తరవాత మొదట్లోంచి చిగుళ్లు వేసింది. పక్కనే ఏళ్ల తరబడి నిలబడ్డ చెట్టు మొద్దు అప్పటికి రంపం కింద ఉంది. చిన్నవాడిగా ఉండటం కూడా ఒక కవచమేనని నాకప్పుడు తోచింది. ఇంతకంటే ఘోరం 1945లో హిరోషిమా చూసింది. బాంబు పడ్డ ఆ నేలలో మొదటగా పూసిన పూలలో గన్నేరు ఉందని అక్కడివాళ్లు దాన్నే తమ నగర పుష్పం చేసుకున్నారు. డివైడరు మీద నిలబడ్డ మనవాడికి ఈ బంధుత్వం తెలియదు. తెలిస్తే ఇంకాస్త నిక్కేవాడేమో.

నిక్కడానికి వీల్లేదు. ఎదురొచ్చే బళ్ల దీపాలు కళ్లల్లో పడకుండా అడ్డుండాలి, అలాగని రోడ్డు దాటేవాడు కనపడకుండానూ పోకూడదు. అందుకని నారింజ రంగు జాకెట్లు తొడుక్కున్న కూలీలు వచ్చి పొడవాటి కత్తెరలతో నడుం ఎత్తుకు కోసేస్తారు. సూర్యుడు, తుఫాను, పురుగు, ముగ్గురి చేతిలోనూ ఓడని తల కాంట్రాక్టరు కత్తెరకు వంగుతుంది. నేను చూస్తున్నది అలా కోసిన మొక్కనే. కోసినచోట కణుపు కణుపుకూ మూడేసి ఆకుల చొప్పున కొత్త చిగుళ్లు. అది ఈ వంశపు లెక్క, కణుపుకు మూడు. నేను పదిహేను కణుపులు లెక్కపెట్టాను, ఒకటి తప్పితే అన్నీ మూడే. ఆ ఒక్కటీ పురుగు పని.

బస్సొచ్చింది.

ఫలశ్రుతి లేకుండా కావ్యం ముగించకూడదు. ఇది చదివినవాళ్లకు పుణ్యం వస్తుందని హామీ ఇవ్వలేను. చేయవలసిన పని మాత్రం చెబుతాను. గన్నేరు పూలు పూజకు కోసుకుంటే చేతులు కడుక్కోండి. ఎండుకొమ్మలు పొయ్యిలో పెట్టకండి, ఆ పొగా విషమే. జంక్షనులో బస్సు కోసం నిలబడ్డప్పుడు ఊసుపోక పిల్లలు ఆకు తుంచి నోట్లో పెట్టుకోబోతే వెంటనే లాగేయండి.